నీరు నిలవని బండ

జమ్మలమడుగు నుంచి పడమటి దిక్కుగా సుమారు 15 కిలోమీటర్లు పోతే ఎర్రమల కొండల మీద గండికోట కనిపిస్తుంది. ఈ ప్రాంతంలో రాయి లేని పని లేదు. పొలం గట్టున కంచెగా నిలబెట్టినది నాపబండ. పశువుల కొట్టానికి కప్పుగా వేసినది నాపబండ. ఇంటి అరుగు, గడప, గూటి పలక, చివరకు సమాధి తలాపున నాటే రాయి కూడా అదే. కోటను చూడవచ్చినవారిలో చాలామంది పెన్నా నది కొండను కోసుకుంటూ పోయిన లోయ అంచున కాసేపు నిలబడి, ఫోటోలు తీసుకొని, సాయంత్రానికి తిరిగిపోతారు. ఆ లోయ అల్లాహ్ సృష్టి వైచిత్రికి గొప్ప నిదర్శనమే. దాదాపు 300 అడుగుల లోతున మెరిసే నీటిని చూస్తే ఎవరికైనా మాట పెగలదు. అయితే మేము ఈసారి పోయినది లోయ కోసం కాదు, రాళ్ల కోసం. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, స్నానపు గదిలో పరిచే బండ కోసం.

ఈ మాటకు నవ్వుకునే పాఠకులు ఉంటారని మాకు తెలుసు. మదరసాలో హదీసు పాఠాలు చెప్పుకునేవారికి బండల గొడవ ఎందుకని అడిగినవారూ ఉన్నారు. కారణం చెప్తాము.

మా మదరసాలో విద్యార్థులకు 12 స్నానపు గదులు ఉన్నాయి. కొన్నేళ్ల క్రితం వాటి నేలకు నున్నని టైల్స్ వేయించారు. చూడటానికి అద్దంలా ఉండేవి. ఒక చలికాలం వేకువన, ఫజర్ నమాజుకు ముందు, మా వంటశాలలో ఏళ్ల తరబడి పని చేసిన పెద్దాయన ఆ అద్దం మీద కాలు జారి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది, ప్రాణం దక్కింది, అల్‌హందులిల్లాహ్. కానీ ఆయన మళ్లీ తన కాళ్ల మీద తాను మస్జిదుకు రాలేదు. అదే సమయంలో స్నానపు గదులకు ఆనుకొని ఉన్న పుస్తకాల గది గోడ కింది భాగం చెమ్మగిల్లి, సున్నం పెచ్చులుగా రాలడం మొదలైంది. కింది అరలో పెట్టిన కితాబుల అట్టలకు బూజు పట్టింది. పైన నేల ఆరే ఉంటుంది, గోడ మాత్రం తడుస్తుంది. నీరు ఎటు పోతున్నదో ఎవరికీ అంతుపట్టలేదు.

నేల పగలగొట్టి మళ్లీ వేయించాలని కమిటీ నిర్ణయించింది. జకాత్ సొమ్మును భవనాలకు వాడరాదు కనుక ఇది పూర్తిగా చందా సొమ్ము. గల్ఫులో ఉన్న బిడ్డలు పంపినది, జుమా నాడు పేదలు పది, ఇరవై వేసినది. అలాంటి సొమ్ముతో ఐదేళ్లకొకసారి నేల మార్చే స్తోమత మాకు లేదు, ఉన్నా అది న్యాయం కాదు. ఒకసారి వేస్తే ఒక తరం నిలిచేది ఏదో చూసి రమ్మని మమ్మల్ని, మాతోపాటు మా మేస్త్రీని పంపారు. ముందు గండికోట చూద్దామన్నది మేస్త్రీయే. "హజ్రత్, వందల యేండ్లు నిలిచిన పని చూసినాక, ఐదేండ్లకు చెడిన పని ఎందుకు చెడిందో తెలుస్తాది," అన్నాడు.

కోట చరిత్ర మన పాఠకులకు కొంత తెలిసినదే. కళ్యాణి చాళుక్యుల సామంతుడు కాకరాజు 1123లో ఇక్కడ తొలి కోట కట్టించాడని చెబుతారు. తరువాత పెమ్మసాని నాయకులు దీనిని రాతి కోటగా బలపరిచారు. 1650లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా సేనాని మీర్ జుమ్లా దీనిని వశపరచుకున్నాడు. ఇరాన్ దేశపు అర్దెస్తాన్ నుంచి వచ్చి, వజ్రాల వ్యాపారంతో పైకెదిగిన మనిషి ఆయన. 1652లో ఫ్రెంచి వ్యాపారి తావెర్నియే ఆయనను కలుసుకోవడానికి గండికోటకే వచ్చాడు. చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారికి ఇక్కడ ఒక రోజు చాలదు. మా మేస్త్రీకి మాత్రం రాజుల పేర్లు పట్టలేదు. ఆయన చూపంతా నేల మీదే.

జంట మీనార్లతో నిలిచిన జామియా మస్జిదును చూసి, దాని సమీపంలోనే ఉన్న కత్తుల కోనేటి దగ్గర ఆగాము. యుద్ధం నుంచి వచ్చినవారు ఇక్కడ కత్తులు కడిగేవారని ఊరివారు చెప్పే కథ. కథ ఎలా ఉన్నా, మా మేస్త్రీ చూపించినది వేరు. రాతిమెట్లు ఒక్కొక్కటీ దిట్టంగా ఉన్నాయి. ఎండకూ వానకూ అరగలేదు, పగలలేదు. కానీ రాయికీ రాయికీ మధ్య సందు ఎక్కడ ఉన్నదో అక్కడ మట్టి చేరింది, మట్టిలో విత్తు పడింది, విత్తు మొలిచి దాని వేరు రాయిని పక్కకు నెట్టింది. "చూసినారా సాబ్, రాయి చెడలేదు. సందు చెడింది," అన్నాడు. ఆ తరువాత కోటలో ఎటు పోయినా మాకు అదే కనిపించింది. ప్రాకారంలో జారిపోయిన చోట, మండపపు నేల కుంగిన చోట, అన్నిటా ముందు ఓడినది అతుకు.

ఆ మాట విన్నప్పుడు మాకు మా పాఠ్య గ్రంథంలోని ఒక చోటు గుర్తుకు వచ్చింది. స్నానం చేసే చోట మూత్ర విసర్జన చేయరాదని దైవప్రవక్త (స) వారించిన హదీసు మదరసా విద్యార్థులందరికీ తెలుసు. ఇమామ్ ఇబ్నె మాజహ్ (రహ్మలై) తమ సునన్‌లో ఆ హదీసును నమోదు చేసి, దాని వెంటనే తమ గురువు అలీ బిన్ ముహమ్మద్ తనాఫిసీ చెప్పిన వివరణను కూడా చేర్చారు. ఆ వారింపు మెత్తని నేలలో గుంటగా ఉండే స్నానపు చోట్ల గురించినదనీ, తమ కాలంలో స్నానశాలలను జస్, సారూజ్, ఖీర్‌తో కడుతున్నారు కనుక మీద నీళ్లు పోస్తే అది కొట్టుకుపోతుందనీ, అప్పుడు దోషం లేదనీ ఆయన భావం. జస్ అంటే జిప్సం గచ్చు, సారూజ్ అంటే సున్నంతో చేసిన నీటికి ఓర్చే గచ్చు, ఖీర్ అంటే కీలు నూనె వంటి నల్లని జిగురు పదార్థం. ఆ విసర్జన విషయమై ధర్మపండితుల అభిప్రాయాలు అనేకం, స్నానపు చోటును దానికి వాడకపోవడమే మేలన్నది మేము పిల్లలకు చెప్పే మాట. ఇక్కడ మేము గమనించమనేది మరొకటి. హిజ్రీ మూడవ శతాబ్దంలో ఒక హదీసువేత్త ధర్మసూక్ష్మం తేల్చడానికి స్నానపు గది నేల దేనితో చేసినదని అడిగాడు. నేల నీటిని తాగి దాచుకుంటుందా, లేక వదిలిపెట్టి పంపిస్తుందా అన్నదే ఆయనకు ముఖ్యమైంది.

అరబీలోని జస్, పారసీలోని గచ్, మన తెలుగు గచ్చు, ఈ మూడూ ఒకే కుటుంబపు మాటలు. ఇబ్నె మాజహ్ ఊరు ఖజ్వీన్. అక్కడి స్నానశాలల మాట గండికోట ధాన్యాగారం గోడ మీది సున్నపు పూతను పిలిచే మాటగా మన నాలుక మీద నిలిచి ఉన్నది. మీర్ జుమ్లా ఏలిక కుతుబ్‌షాహీల గోల్కొండలో, వారి సమాధుల తోటలోని హమామ్‌లో, 12 కోణాల రాతి తిన్నె ఇప్పటికీ ఉన్నది. హైదరాబాదు పోయినవారు చూసి రావచ్చు. సుల్తానులకు చివరి గుసుల్ ఇచ్చినది దాని మీదేనని చెబుతారు. నీళ్లు పోస్తే నిలవకుండా పోవలసిన నేల మన సంస్కృతిలో కొత్త చింత కాదు.

ఇప్పుడు మా టైల్స్ సంగతికి వద్దాము. మేస్త్రీ అక్కడే మెట్ల మీద కూర్చొని లెక్క చెప్పాడు. మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గల చోట అడుగు టైల్స్ వేస్తే లోపలే 12 అడుగుల పొడవున సందులు ఏర్పడతాయి. గోడ చుట్టూ ఉండే సందు దానికి అదనం. ఆ సందుల్లో నింపిన సిమెంటు పాల గుజ్జు రోజూ సబ్బు నీటికీ, చీపురు రాపిడికీ, యాసిడుకీ వెంట్రుక మందం విడిపోతుంది. అంత చాలు. టైలు పైన ఆరినట్టే ఉంటుంది, కింద మాత్రం నీరు చేరి, ఎటూ పోలేక గోడలోకి ఎక్కుతుంది. మా కితాబులను తడిపినది ఆ నీరే. తనాఫిసీ చెప్పిన మెత్తని నేలలోని గుంట మా మదరసాలో టైలు కింద దాక్కొని ఉన్నది. అది తహారత్ చింత ఉన్నవారికి నచ్చే విషయం కాదు.

అలాగైతే సందే లేకుండా, మొత్తం చోటుకు ఒకే బండ వేస్తే? ఇది మా మేస్త్రీ కనిపెట్టినదేమీ కాదు. సీమ పల్లెల్లో పాత ఇళ్లలో స్నానం చేసే జాలాడిలో ఒక పెద్ద బండ ఉండేది. దానిని ఒక పక్కకు వాటంగా పరిచి, చివర గోడలో ఒక తూము పెట్టేవారు. నీరు పెరటిలోని అరటి చెట్టుకో, కరివేపాకు చెట్టుకో పోయేది. తాతలు, తండ్రులు, పిల్లలు అదే బండ మీద నీళ్లు పోసుకున్నారు. మిద్దెలు కూలి, గోడలు కరిగిపోయిన ఇళ్లలో కూడా ఆ బండ అలాగే పడి ఉండటం మీలో చాలామంది చూసే ఉంటారు. ఇప్పుడు కావలసినది ఆ బండనే కొలతకు కోయించి, రంధ్రం, గాడి అన్నీ బండల మిషను దగ్గరే సిద్ధం చేయించి, తెచ్చి అమర్చుకోవడం. విదేశాల్లో షవరు కింద వేసే ఏకశిలా పళ్లేలను ఇలాగే కార్ఖానాలో తయారుచేసి అమ్ముతారు. మనకు రాయి వాకిట్లోనే ఉన్నది.

అయితే ఏ రాయి? ఇక్కడ కొంచెం నిదానంగా చెప్పవలసి ఉన్నది, ఎందుకంటే చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే.

గండికోట కొండది ఒక రాయి, కింది మైదానంలోని బండలది మరొక రాయి. కోట నిలిచిన ఎర్రని రాయి క్వార్ట్‌జైట్. పూర్వపు ఇసుక 100 కోట్ల ఏళ్లకు మించిన కాలంలో ఒత్తిడికి గట్టిపడి రాయి అయింది. భూగర్భ శాస్త్రజ్ఞులు దీనిని గండికోట క్వార్ట్‌జైట్ అనే పిలుస్తారు. యాసిడ్ దీనిని ఏమీ చేయలేదు. ఉలికి కూడా తొందరగా లొంగదు, పలుచని పెద్ద పలకలుగా రాదు. కింద యర్రగుంట్ల, జమ్మలమడుగు, కొలిమిగుండ్ల, బేతంచెర్ల, తాడిపత్రి వైపు దొరికే నాపరాయి సున్నపురాయి జాతి. పుస్తకంలో పుటల మాదిరి పొరలు పొరలుగా పేరుకున్నది కనుక గడ్డపారతో పొర విడదీస్తే చదునైన పలక వస్తుంది. కడప బండ పేరుతో దేశమంతా పోయినది ఇదే. యర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల్లో కాలేది కూడా ఈ జాతి రాయే. అంటే మన కాలి కింది బండ, దాని కింద పరిచే సిమెంటు ఒక తల్లి బిడ్డలు.

సున్నపురాయికి శత్రువు ఒక్కటే, ఆమ్లం. నాపబండ మీద నిమ్మకాయ పిండితే ఆ చోట నిగ్గు పోయి తెల్లని మచ్చ పడటం వంటింట్లో ఆడవారికి తెలిసిన విషయమే. చింతపండుతో రాగిచెంబు తోమిన చోటా అంతే. ఇక బాత్రూములు కడగడానికి అంగట్లో అమ్మే యాసిడ్ పోస్తే బండ నురగలు కక్కుతుంది. ఆ నురగను చూసి మురికి పోతున్నదని సంతోషిస్తారు. పోతున్నది రాయి. మన సీమ బోర్ల నీటిలో లవణాలు ఎక్కువ కనుక నేల మీద తెల్లని పొర కడుతుంది, దానిని వదిలించడానికే యాసిడ్ తెస్తారు. ఆ తెల్లపొరలో ఎక్కువ భాగం సున్నపురాయిలో ఉన్న పదార్థమే. పొరను తినే మందు బండను తినకుండా ఎలా ఉంటుంది? ఏడాది పాటు యాసిడ్ పోస్తే నున్నని బండ గుంటలు గుంటలుగా మారుతుంది, గుంటల్లో నీరు నిలుస్తుంది, పాచి పడుతుంది, మళ్లీ కాలు జారుతుంది.

కాబట్టి మా అభిప్రాయం ఇది. ఇంటి మనుషులే శుభ్రం చేసుకునే చోట నాపబండ చక్కగా నిలుస్తుంది. మస్జిదు వుజూఖానా, బస్టాండు దగ్గరి స్నానశాల వంటి చోట్ల, ఎవరు ఏ సీసా తెచ్చి పోస్తారో చెప్పలేము కనుక, గ్రానైట్ వేసుకోవడం మేలు. ఖర్చు ఎక్కువైనా అక్కడ అదే పొదుపు. మా కమిటీలో దీని మీద పెద్ద వాదమే నడిచింది. చివరకు స్నానపు గదులకు నాపబండ, వుజూఖానాకు గ్రానైట్ అని తేలింది. యాసిడ్ సీసా మదరసా గేటు దాటి లోపలికి రాకూడదని నోటీసు కూడా పెట్టాము.

కోట నుంచి దిగి, యర్రగుంట్ల దారిలోని బండల మిషన్ల వైపు పోయాము. ఒక పక్క కోత రంపం నీళ్లు చిమ్ముతూ రాయిని కోస్తున్నది, మరొక పక్క కూలీలు పలకలను నిలువునా పేర్చుతున్నారు. ఊరి మీద తెల్లని దుమ్ము. ఆ దుమ్ములోనే పొద్దంతా పని చేసే కూలీల ఊపిరితిత్తుల గురించి ఆలోచించకుండా బండ బేరం ఆడటం మాకు కష్టమైంది. తడిగా కోసే మిషన్లలో దుమ్ము తక్కువ. బేరంలో రూపాయి ఎక్కువైనా తడి కోత వాడే చోటు చూసుకోమని పాఠకులకు మా మనవి.

బండ ఎంచడంలో మేస్త్రీ రెండు పరీక్షలు చేశాడు. మొదటిది, బండను నిలబెట్టి చిన్న సుత్తితో అక్కడక్కడా తట్టడం. గట్టి బండ గంటలా మోగుతుంది, లోపల పొర విడిపోయినది డబడబమంటుంది. రెండవది, బండ మీద ఒక చెంబు నీళ్లు కుమ్మరించి, ఆరేవరకు ఓపికగా నిలబడటం. అంతా ఆరిపోయాక ఎక్కడైనా నల్లని గీత తడిగా మిగిలితే అది పగులు. పగుళ్లలో నల్లని జిగురు పెట్టి, పైన పాలిష్ పట్టి అమ్మేవారు ఉంటారు. కంటికి తెలియదు, నీటికి తెలుస్తుంది. ఒక చోట మేము ఎంచిన బండకు అలాంటి గీతే బయటపడింది. యజమాని మొహమాటపడి, "సాబ్, ఇది అరుగుకు పోతాది, మీకు ఇంకోటి తీపిస్తా," అన్నాడు. సరుకులో లోపం ఉంటే చెప్పి అమ్మడం అమ్మేవాని బాధ్యత. దాచిన లోపం బయటపడితే సరుకు తిరిగి ఇచ్చే హక్కు కొన్నవానికి షరీఅత్ ఇచ్చింది. వ్యాపారం చేసే మన సోదరులు ఈ పాఠాన్ని ఫిఖహ్ గ్రంథంలోనే వదిలేయకుండా అంగట్లో కూడా పెట్టుకుంటే బాగుంటుంది.

ఇక బండ రూపం. యజమాని మాకు ముందు చూపించినది నాలుగు వైపుల నుంచి మధ్యలోకి లోతుగా చెక్కిన పళ్లెం. చూడటానికి అందంగా ఉన్నది. మేస్త్రీ వద్దన్నాడు. నాపరాయి పొరల రాయి. దానిని వాలుగా చెక్కితే ఒక్కొక్క పొర అంచు సన్నని రేకులా బయటపడుతుంది. నాలుగేళ్లు నీరు, వేడి, చలి తగిలితే ఆ రేకులు లేస్తాయి, అరికాలికి గుచ్చుకుంటాయి. పైగా మధ్యలో మందం తగ్గి, మనిషి బరువు పడే చోటే బండ బలహీనమవుతుంది. చెక్కడం కంటే బండనే మొత్తంగా ఒక వైపుకు వంచి పరిస్తే పొర తెగదు, మందం తగ్గదు. పాత జాలాడి బండ పద్ధతి ఇదే. అడుగుకు పావు అంగుళం వాటం, అంటే మూడడుగులకు ముప్పావు అంగుళం. అంతకు తగ్గితే నీరు నిలుస్తుంది, బాగా పెరిగితే తడి కాలికి పట్టు దొరకదు.

మేము చేయించినది ఇలా ఉన్నది. రెండంగుళాల మందపు ఒకే బండ. మూడు గోడల వైపు అంగుళం చొప్పున ఎక్కువ కోయించాము. అది గోడకు అతికించే పలక కిందికి పోతుంది. గోడ మీద నుంచి జారిన నీరు సందులోకి కాక బండ మీదకే పడాలంటే గోడ పలక బండ మీదకు దిగి ఉండాలి. పెంకుటింటి కప్పులో పై పెంకు కింది పెంకు మీదకు వచ్చినట్టు. దిగువ అంచుకు కొంచెం ఇవతల ఒక గాడి, గాడి చివర నహానీ ట్రాపుకు రంధ్రం. ఆ రంధ్రాన్ని మిషను దగ్గరే గుండ్రని రంపంతో కోయించాము. ఇంటి దగ్గర ఉలితో కొడితే పొర లేచే ప్రమాదం ఉన్నది. గది వాకిలి వైపు నీరు బయటికి రాకుండా వేసే రాతి పట్టీ మాత్రం విడిగా అతికించినది. అతుకు తప్పనప్పుడు దానిని ఎగువన పెట్టాలి, నీరు చేరే దిగువన కాదు అన్నది మేస్త్రీ సూత్రం.

పై ముఖానికి అద్దం పాలిష్ వద్దన్నాము. సబ్బు నురగ పడితే పాలిష్ బండ కూడా టైలు లాంటిదే. ఉప్పునీటిలో సబ్బు జిడ్డుగా విరుగుతుంది, ఆ జిడ్డు మరింత జారుడు. అలాగని మరీ గరుకుగా ఉంచితే మురికి పట్టి వదలదు. రోళ్లకు కక్కు కొట్టినట్టు కొట్టిద్దామని ఒకరు అన్నారు. గ్రానైటుకు అది పనికివస్తుంది, నాపకు దెబ్బ తగిలితే పొర చిట్లుతుంది. చివరకు నిగ్గు లేని మాట్ ముఖం మీద, నీరు పోయే దిక్కుగానే, అంగుళానికొకటి చొప్పున సన్నని గీతలు మిషనుతో గీయించాము. పాదానికి పట్టు దొరుకుతుంది, నీరూ గీత వెంబడి దిగిపోతుంది. గీతలు అడ్డంగా గీస్తే ప్రతి గీతా ఒక చిన్న కుంట అయ్యేది.

సున్నపురాయి ఘనమీటరుకు 2600, 2700 కిలోల దాకా తూగుతుంది. ఆ లెక్కన మా బండ ఒక్కొక్కటి 120 కిలోలకు అటూ ఇటూ. నలుగురు మోయాలి, గది వాకిలి వెడల్పు ముందే కొలుచుకోవాలి. పైఅంతస్తులో వేసుకునేవారు ఇంజనీరును అడగకుండా తెప్పించవద్దు.

నీటి విషయం ఒకటి చెప్పాలి. దైవప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో వుజూ, ఒక సాఅ నుంచి ఐదు ముద్ద్‌ల నీటితో గుసుల్ చేసేవారని హదీసుల్లో ఉన్నది. సాఅ అంటే నాలుగు ముద్ద్‌లు, ఇప్పటి కొలతలో మూడు నాలుగు లీటర్లు. మామూలు షవరు నిమిషానికి ఎనిమిది, పది లీటర్లు వదులుతుంది. ఏడాదికి 700 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని మన సీమలో ఏది తగునో వేరే చెప్పనక్కరలేదు. కానీ తక్కువ నీటితో స్నానం ముగియాలంటే నేల సహకరించాలి. నీరు నిలిచే నేలను కడగడానికి మళ్లీ రెండు బకెట్లు పోయవలసి వస్తుంది. వాటం సరిగా ఉన్న బండ మీద ఒంటి మీద పోసుకున్న నీరే బండను కడిగి పోతుంది. నెలకొకసారి మెత్తని బ్రష్షుతో, మామూలు సబ్బుపొడితో రుద్దితే చాలు. స్నానం అయ్యాక ఒకసారి రబ్బరు పట్టీతో నీరు లాగేస్తే తెల్లపొర కట్టదు. పొర కట్టాక వదిలించడం కంటే కట్టకుండా చూసుకోవడం సులువు.

బండలు లారీలో వచ్చిన రోజున పిల్లలు పాఠాలు వదిలి చూడవచ్చారు. పాత టైల్స్ పగలగొడుతుంటే మేస్త్రీ చెప్పినట్టే కింద ఇసుక నల్లగా, కుళ్లిన వాసనతో ఉన్నది. దానిని ఎత్తివేసి, అడుగున కొత్త కాంక్రీటుకే ముందుగా వాటం ఇచ్చి, నీరు దిగని పూత పూసి ఆరనిచ్చారు. బండ కింద ఎక్కడా బోలు ఉండకూడదు. అడుగంతా సిమెంటు పరిచి కూర్చోబెట్టాలి. రాయి ఎంత బరువునైనా మోస్తుంది కానీ కింద ఆధారం లేకుండా వంగమంటే విరుగుతుంది. నాలుగు మూలల్లో నాలుగు ముద్దలు పెట్టి మీద బండ వేసే మేస్త్రీలు ఉన్నారు, వారిని ఆ పని చేయనివ్వవద్దు. పరిచాక కొయ్య సుత్తితో తట్టి వింటే తెలిసిపోతుంది.

మొదటి గదిలో బండ పరిచిన వెంటనే, కింది సిమెంటు ఇంకా పచ్చిగా ఉండగానే, మేస్త్రీ పైమూల నుంచి ఒక చెంబు నీళ్లు పోశాడు. నీరంతా గీతల వెంట గాడిలోకి దిగిపోయింది, ఎడమ మూలన మాత్రం దోసెడు నీళ్లు మిగిలాయి. అవి వాటంతట అవే ఆరిపోతాయిలే అని కమిటీ సభ్యులొకరు అన్నారు. మేస్త్రీ ఏమీ అనలేదు. నలుగురిని పిలిచి, గడ్డపారలు వేసి, 120 కిలోల బండను మళ్లీ పైకి లేపించి, ఎడమ పక్క సిమెంటు సర్ది, తిరిగి కూర్చోబెట్టాడు. అస్ర్ అజాన్ వేళకు రెండవ చెంబు పోశాడు. ఈసారి ఏమీ మిగలలేదు.

ఇప్పటికి ఏడు గదులు పూర్తయ్యాయి. ఐదు మిగిలి ఉన్నాయి. వాటిలో వాకిలికి దగ్గరగా ఉన్న గదిలో గోడకు చేతిపట్టు కూడా బిగించమని, అది పెద్దవారి కోసమని మేస్త్రీకి చెప్పాము.